హాస్టల్ లేదంటే హాస్టల్ పెట్టిన మనిషి: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం



ఈ పుస్తకం ముందు పేజీల్లో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీలు, వడ్ల కొనుగోలు కేంద్రాల కమీషన్ అన్నీ ఇచ్చాం. లెక్కలు అయిపోయినంక ఒక మనిషి బతుకు గురించి చెప్పుకోవడం మనకు అలవాటు. మన వైపు చాకలి ఐలమ్మ కథ మీకు ఎవరూ చెప్పనక్కర లేదు. పాలకుర్తి మనకు దూరమూ కాదు. అందుకని ఈసారి గోదావరి ఒడ్డున పుట్టినామె గురించి రాస్తున్నాం. ఆమె పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఈమెనే ఎందుకు ఎంచుకున్నామో ముందు చెప్పాలి. ఈ ఏడు మా మండలంలోని ఒక గ్రామ సంఘంలో పాత అధ్యక్షురాలి గడువు అయిపోయింది. కొత్తగా ఎన్నుకోవాలి. గంటన్నర కూర్చున్నాం. ఒక్కరూ లేవలేదు. మేం పేరు పెట్టి అడిగితే ముగ్గురు మూడు చోట్ల నుంచి ఒకటే మాట చెప్పారు: మాకు సదువు లేదు, బ్యాంకు మేనేజరు ముందు మాట్లాడలేం, మా వల్ల కాదు. ఆ ముగ్గురిలో ఒకామె రెండెకరాల మిర్చి తోట పెట్టి, ఖమ్మం మార్కెట్‌కు తనే బస్తాలు తీసుకుపోయి, క్వింటాల్‌కు వంద రూపాయల కాడ వ్యాపారితో మధ్యాహ్నం దాకా కొట్లాడి వచ్చే మనిషి. ఆమెకే మాట్లాడడం రాదట! ఇంకొకామె సంగతి వేరు. ఊళ్లో సంఘం పుస్తకాలు రాసే పనికి మనిషి కావాలంటే ముందుకొచ్చింది. పది పాసైన కాగితం అడిగితే వెనక్కి పోయి కూర్చుంది. ఏడో తరగతిలో పెళ్లి చేశారు ఆమెకు. ఆ రోజు పాతవాళ్లనే కొనసాగిస్తున్నట్టు తీర్మానం రాసి వచ్చాం కానీ ఆఫీసుకు తిరిగొచ్చినంక ఎవరికీ మనసు బాగా లేదు.

మనసులో ధైర్యం పెంచుకోవాలని, ఆలోచన మారాలని శిక్షణల్లో మాకూ చెప్తారు, మేమూ మీకు చెప్తాం. విన్నప్పుడు బాగానే ఉంటది. ఇంటికి పోయినంక అది ఎక్కడ నిలబడుతది అన్నది అసలు ప్రశ్న. దుర్గాబాయమ్మ బతుకంతా ఆ ప్రశ్నకే జవాబు వెతికినట్టు మాకు అనిపించింది. పెద్ద మనిషి కదా, ప్రతి మాటకూ గారు పెట్టి రాయాలని మాలో కొందరన్నారు. ఇంట్లో పెద్దమ్మ గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటేనే దగ్గరగా ఉంటదని అట్లాగే రాశాం.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ కాలంలో అది అందరికీ మామూలే. పన్నెండేళ్ల వయసులో బడి మానేసింది. అయితే పెళ్లి అయిందని కాదు. బడిలో చదువు ఇంగ్లీషులో చెప్పడం నచ్చక, స్వరాజ్యం మాటలు చెవిన పడి మానేసింది. మానేసి ఊరికే ఉండలేదు. హిందీ నేర్చుకుంది. తను నేర్చుకుంటూనే చుట్టుపక్కల ఆడపిల్లలను, ఆడవాళ్లను కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల దగ్గర పెద్దవాళ్లు అక్షరాలు దిద్దడమంటే వాళ్లకూ ఎంత పెద్ద మనసు ఉండాలో ఆలోచించండి.

1921లో గాంధీ కాకినాడ వస్తున్నాడని తెలిసింది. అప్పుడు జరిగిన సంగతి కొంచెం వివరంగా చెప్తాం, ఎందుకంటే ఇది డబ్బు జమచేసిన కథ కూడా.

ఆ ఊళ్లో దేవదాసీలు ఉండేవారు. బయటికి రాని ముస్లిం స్త్రీలూ ఉండేవారు. ఊరి సభల్లో వీళ్లకు చోటు లేదు. గాంధీ వీళ్లను కూడా చూడాలి, వీళ్లతో మాట్లాడాలి అని దుర్గకు పట్టుదల పుట్టింది. సభ ఏర్పాట్లు చూసే పెద్దలను అడిగింది. వాళ్లు తీసెయ్యలేదు, అట్లని ఒప్పుకోనూ లేదు. అయిదు వేల రూపాయలు విరాళం తెస్తే పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. పన్నెండేళ్ల పిల్ల అయిదు వేలు ఎక్కడ తెస్తదిలే అనుకుని ఉంటారు. మనకూ ఇట్లాంటి జవాబులు తెలుసు. కాదని చెప్పడానికి ఇష్టం లేనప్పుడు మోయలేని షరతు పెడతారు.

ఆ పిల్ల నేరుగా దేవదాసీల దగ్గరికే పోయింది. డబ్బు మేం ఇస్తాం అన్నారు వాళ్లు. కొద్ది రోజుల్లోనే కూడబెట్టారు. ఊరంతా చిన్నచూపు చూసిన ఆడవాళ్లు ఆ మొత్తం పోగుచేశారు. సభకు స్థలం కావాలి కదా, ఒక బడి ఆవరణ అడిగి తెచ్చుకుంది. గాంధీ వచ్చాడు. కొన్ని నిమిషాలని వచ్చిన మనిషి అరగంటకు పైగా ఉన్నాడు. ఆయన హిందీలో మాట్లాడుతుంటే దుర్గ పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. మాటలు విన్న ఆడవాళ్లు ఒంటి మీది గాజులు, గొలుసులు తీసి ఇచ్చారు. ఆ నగల విలువ ఇరవై అయిదు వేల దాకా ఉంటుందని లెక్క. దుర్గ తన చేతి గాజులు కూడా ఇచ్చేసింది. తర్వాత ఊరి పెద్ద సభలో అనువాదానికి పెద్దవాళ్లు సిద్ధంగా ఉన్నా గాంధీ ఈ పిల్లనే పిలిచి అనువాదం చెయ్యమన్నాడు.

ఇందులో మేం గమనించింది ఒకటి ఉంది. ఆమెకు ముందుగా ధైర్యం వచ్చి పని మొదలుపెట్టినట్టు కనబడదు. ఒక పని కావాలనుకుంది. అడిగింది. షరతు పెడితే ఆ షరతు ఎవరు తీర్చగలరో వెతికింది. ధైర్యం ఆ తిరుగుడులోనే వచ్చి ఉంటది. మొదటిసారి బ్యాంకుకు పోయిన రోజు మీలో ఎంతమందికి కాళ్లు వణికాయో, నాలుగోసారి పోయేటప్పటికి ఎట్లా అయిందో గుర్తుచేసుకోండి.

రెండేళ్లకు, 1923 డిసెంబరులో, కాంగ్రెసు మహాసభ కాకినాడలోనే జరిగింది. దుర్గకు పద్నాలుగేళ్లు. ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర టికెట్లు చూసే పని ఇచ్చారు. టికెట్టు రెండు అణాలు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. చేతిలో టికెట్టు లేదు. ఆమె ఆపేసింది. చుట్టూ ఉన్న పెద్దలు కంగారుపడి ఆమె మీద కోప్పడ్డారు. టికెట్టు లేనిదే ఎవరినీ పంపవద్దని మీరే కదా చెప్పింది అన్నది ఆమె జవాబు. చివరికి టికెట్టు కొనితెచ్చినంకనే లోపలికి పంపింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నాడు. ఈ కథ అందరూ నెహ్రూ గొప్పతనం కోసమో ఆమె తెగువ కోసమో చెప్తారు. మా పుస్తకాలు రాసేవాళ్లు దీన్ని ఇంకో రకంగా అర్థం చేసుకున్నారు. కంతు కట్టని సభ్యురాలు అధ్యక్షురాలి ఆడబిడ్డ అయినా సరే, పుస్తకంలో బాకీ బాకీ లెక్కనే రాయాలి. అది వినగానే సమావేశంలో కొంతమంది నవ్వారు, కొంతమంది తల వంచుకున్నారు.

ఇక పెళ్లి సంగతి. చిన్నప్పుడు కట్టబెట్టిన భర్త సుబ్బారావు. వయసు వచ్చినంక ఆమె ఆలోచించుకుంది. తను పోవాలనుకుంటున్న దారి వేరు, ఆ కాపురం వేరు. పదిహేనేళ్ల ప్రాయంలో ఆ మాట ఆయనకే చెప్పేసింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవడానికి అడ్డు రాలేదు. ఇద్దరూ గొడవ లేకుండా విడిపోయారు. తండ్రీ సోదరుడూ ఆమె పక్షాన నిలబడ్డారు. ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. అట్లా నిలబడే తండ్రి ఆ రోజుల్లో ఎంతమందికి ఉన్నాడు? ఇప్పుడైనా ఎంతమందికి ఉన్నాడు? ఆమె పట్టుదల ఆమెదే కానీ ఇంట్లో తలుపు మూసెయ్యలేదు, అది కూడా ఆమె అదృష్టం. ఆడమనిషి గట్టిగా అనుకుంటే చాలు అన్నీ అవుతాయని మేం రాయం. రాస్తే, అనుకుని కూడా ఆగిపోయిన వాళ్లను తప్పుపట్టినట్టు అవుతది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ఆమె మద్రాసులో పనిచేసింది. అరెస్టు అయింది. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకు పోయింది. వెల్లూరు జైల్లో ఉన్నప్పుడు మామూలు నేరాల మీద వచ్చిన ఆడఖైదీలను చూసింది. వాళ్లలో చాలామందికి చదువు రాదు. ఏ నేరం మీద శిక్ష పడ్డదో కూడా కొందరికి తెలియదు. చెయ్యని నేరం నెత్తిన వేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. కోర్టులో తమ పక్షాన మాట్లాడే మనిషి లేడు. వకీలు మాటలు అర్థం కావు. ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేసి వచ్చారు. తరువాత మదురై జైల్లో ఆమెను ఒంటరి గదిలో పెట్టారు. పక్కనే ఉరిశిక్ష పడ్డవాళ్ల గదులు. ఆ రోజులు ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీశాయి.

బయటికి వచ్చేసరికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. చేతిలో బడి సర్టిఫికెట్టు లేదు. రాజకీయాల్లో పేరు మాత్రం వచ్చింది. అదే దారిలో పోయినా ఎవరూ కాదనరు. ఆమె ఉద్యమానికి కొంత దూరం జరిగి, చదువుకుని వకీలు కావాలని నిర్ణయించుకుంది. జైల్లో చూసిన ఆ ఆడవాళ్ల కోసం.

వకీలు కావాలంటే పట్టా కావాలి. పట్టాకు ముందు ఇంటరు, దానికి ముందు మెట్రిక్యులేషన్. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. తనకంటే పదేళ్లు చిన్న పిల్లలు రాసే పరీక్ష. చిన్నప్పుడు వద్దని మానేసిన ఇంగ్లీషే ఇప్పుడు కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. అప్పట్లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షను బడికి పోనివాళ్లు కూడా ప్రైవేటుగా రాయవచ్చు. ఆమె అది రాసి పాసైంది. అక్కడే ఇంటరూ పూర్తిచేసింది. సిగ్గుపడి ఉంటదా? మాకు తెలిసినంతలో పెద్ద వయసులో పలక పట్టిన ఏ ఆడదానికైనా మొదటి వారం సిగ్గే. మా వయోజన తరగతుల్లో కొంగు అడ్డం పెట్టుకుని దిద్దినవాళ్లను చూశాం.

తరువాత బి.ఏ. కోసం వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పోయింది. ఈ వ్యాసానికి పేరు పెట్టిన కథ ఇదే. అప్పటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. చదువుకున్నవాడు, మంచి పేరున్నవాడు. ఆయన కూడా కుదరదన్నాడు. కారణం చెప్పాడు: ఆడపిల్లలకు ఇక్కడ హాస్టల్ లేదు. ఇది అబద్ధం కాదు. నిజంగానే లేదు. హాస్టల్ లేదు కాబట్టి ఆడపిల్లలు రారు, ఆడపిల్లలు రారు కాబట్టి హాస్టల్ కట్టరు. ఇట్లాంటి చక్రంలో ఎవరినీ తిట్టడానికి కూడా ఉండదు.

ఆమె ఇంటికి తిరిగిపోలేదు. పత్రికలో ప్రకటన వేసింది. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే తనకు రాయండని అడిగింది. ఉత్తరాలు వచ్చాయి. తనలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు! ఒక్కొక్కరూ వాళ్ల వాళ్ల ఊళ్లో ఒంటరిగా కూర్చుని, ఇది తన ఒక్కదాని తలరాత అనుకుంటున్నారు. వాళ్లంతా కలిసి ఒక ఇంట్లో హాస్టల్ పెట్టుకున్నారు. ఆమె మళ్లీ వైస్ ఛాన్సలర్ దగ్గరికి పోయింది. ఇప్పుడు చెప్పడానికి ఆయన దగ్గర కారణం లేదు. సీటు వచ్చింది. రాజనీతి శాస్త్రంలో బి.ఏ. ఆనర్స్ పూర్తిచేసింది.

ఈ కథను మొదటిసారి మా సమాఖ్య సమావేశంలో చెప్పుకున్నప్పుడు ఒక అక్క అడిగింది, ఆమె ఒక్కతే ఎక్కడో గది తీసుకుని ఉంటే సరిపోయేది కదా అని. సరిపోయేదేమో. ఆమె చదువు అయిపోయేది. తరువాత వచ్చే పిల్లకు మళ్లీ హాస్టల్ లేదనే చెప్పేవాళ్లు. మన సంఘాలు పుట్టిందీ ఇట్లాగే కదా. ఒక్క ఆడమనిషికి బ్యాంకు అప్పు ఇవ్వలేదు. తాకట్టు ఏముంది, జామీను ఎవరు అన్నారు. పదిమంది కలిసి పొదుపు చేసి, పుస్తకం రాసి చూపించినంక ఆ మాట అనడం మానేశారు.

ఆమె పై చదువులు చదువుతున్న రోజుల్లోనే మద్రాసులో ఇంకో పని నడిపింది. మైలాపూరు దగ్గర పిల్లలతో ఒక చిన్న బృందం. ఆటలు, పాటలు, హిందీ. దానితోపాటు బడి మధ్యలో మానేసిన ఆడవాళ్లను కూర్చోబెట్టి బనారస్ మెట్రిక్యులేషన్‌కు తయారు చెయ్యడం. తను ఎక్కివచ్చిన నిచ్చెననే ఇంకొకరికి వేసింది. అదే 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. మద్రాసులో ఉన్న తెలుగు ఆడవాళ్ల కోసం మొదలైన ఈ సంస్థ తరువాత చదువు చెప్పింది, చేతిపనులు నేర్పింది, ఆసుపత్రి నడిపింది, నర్సులను తయారుచేసింది. ఆంధ్ర మహిళ అని పత్రిక కూడా నడిపారు. డబ్బు కోసం ఆమె ఎక్కని గడప లేదు. జమీందార్ల ఇళ్లకు పోయింది, వ్యాపారుల దగ్గరికి పోయింది. మన దగ్గర ఎమ్మెల్యేను షెడ్డు అడగాలంటేనే నువ్వు పో అంటే నువ్వు పో అనుకుంటం.

1942లో లా పూర్తయింది. మద్రాసు హైకోర్టులో వకీలుగా చేరింది. ముప్ఫై మూడేళ్లు. బడి వదిలినప్పటి నుంచి లెక్కిస్తే ఇరవై ఒక్క సంవత్సరాలు.

1946లో రాజ్యాంగ సభకు మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికైంది. ఆ సభలో ఆడవాళ్లు పదిహేను మంది. సభ అధ్యక్షుడు లేనప్పుడు కూర్చుని నడిపించడానికి కొందరి పేర్లతో ఒక జాబితా ఉండేది. అందులో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆమె. మద్రాసు నుంచి ఢిల్లీ పోయే రైలు దారి మన డోర్నకల్ జంక్షన్ మీదుగానే పోతది. ఆ సభ నడిచిన మూడేళ్లలో ఆమె రైల్లో పోయిన ప్రతిసారీ మన స్టేషన్ దాటే పోయి ఉండాలి. ఏ అర్ధరాత్రో! అప్పటికి మన వైపు నిజాం పాలన. మన అమ్మమ్మలు వెట్టి చేస్తున్న రోజులు.

సభలో ఆమె ఎక్కువగా మాట్లాడేది. వినిపించేటట్టు మాట్లాడేది. రాజ్యసభకు పోటీచెయ్యడానికి ముప్ఫై అయిదేళ్లు ఉండాలన్న దాన్ని ముప్ఫైకి తగ్గించమని సవరణ తెచ్చింది. ఇప్పటికీ ముప్ఫైయే. న్యాయస్థానాలు ఎవరికీ లొంగకుండా ఉండాలని వాదించింది. ఆడపిల్లకు ఆస్తిలో హక్కు ఉండాలని హిందూ కోడ్ చర్చల్లో గట్టిగా నిలబడింది. చిన్నప్పుడు తను అంత ఇష్టపడి నేర్చుకుని, ఊరంతటికీ నేర్పిన హిందీ విషయంలో కూడా, దాన్ని ఇతర భాషలవాళ్ల మీద బలవంతంగా రుద్దకూడదని చెప్పింది.

ఇంత చేసిన మనిషి 1952 ఎన్నికల్లో లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయింది. దీన్ని చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. మేం దాటెయ్యదలచుకోలేదు. జైలుకు పోయిన మనిషి, రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషి, జనం ముందుకు పోయి ఓట్లడిగితే చాలినన్ని పడలేదు. సర్పంచ్ ఎన్నికల్లో, ఎంపీటీసీ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయిన సభ్యులు మనలో ఉన్నారు. కొందరు ఆ తరువాత సంఘం సమావేశానికి రావడమే మానేశారు. ముఖం చూపించలేకపోతున్నామన్నారు. దుర్గాబాయమ్మ ఏం చేసిందంటే, ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా పని ఒప్పుకుంది, సాంఘిక సేవల బాధ్యత తీసుకుంది. దేశంలో ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం పనిచేసే చిన్నచిన్న సంస్థలు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటికి ఎందుకు డబ్బు అందడం లేదో చూసింది. అందులో నుంచి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పుట్టింది. మొదటి అధ్యక్షురాలు ఆమే. గెలిచి పార్లమెంటులో కూర్చుంటే ఈ పని చేసేదో లేదో మనం చెప్పలేం.

ఆ బోర్డు చేసిన పనుల్లో మనకు బాగా దగ్గరది ఒకటుంది. పల్లెల్లో పని చెయ్యడానికి టీచర్లు కావాలి, గ్రామసేవికలు కావాలి, నర్సులు, మంత్రసానులు కావాలి. ఆడవాళ్లే కావాలి. ఉద్యోగాలు ఉన్నాయి, తగిన చదువున్న ఆడవాళ్లు లేరు. ఇంకో పక్క పని అవసరమైన ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు: భర్త పోయినవాళ్లు, వదిలేసినవాళ్లు, నాలుగో తరగతిలో, ఏడో తరగతిలో ఆగిపోయినవాళ్లు. వీళ్లను మళ్లీ చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టి ఏడాదికి ఒక తరగతి లెక్కన చదివిస్తే ఎప్పటికి అయ్యేను? పెద్దవాళ్లకు లోకం తెలుసు, బాధ్యత తెలుసు, తొందరగా నేర్చుకుంటారు. అందుకని చాలా ఏళ్ల చదువును రెండేళ్లలోకి కుదించి చెప్పే తరగతులు పెట్టారు. 1958లో మొదలయ్యాయి. వాటి పేరే సంక్షిప్త విద్యా కోర్సులు. చదివేటప్పుడు ఉండటానికి చోటు కూడా చాలా చోట్ల ఇచ్చారు. వాల్తేరులో హాస్టల్ కోసం తిరిగిన మనిషికి ఆ సంగతి ఎవరూ గుర్తుచెయ్యనక్కర లేదు.

ఆ ఏడే ఆడపిల్లల చదువు మీద వేసిన జాతీయ సంఘానికీ ఆమెను అధ్యక్షురాలిని చేశారు. ఊళ్లలో ఆడపిల్లలు బడికి ఎందుకు రావడం లేదని చూస్తే తల్లిదండ్రుల మనసు ఒక్కటే అడ్డం కాదు. టీచరమ్మ లేదు, టీచరమ్మకు ఊళ్లో ఉండను ఇల్లు లేదు, పిల్లలకు హాస్టల్ లేదు. ఈ పనులన్నీ చెయ్యాలని ఆ సంఘం ప్రభుత్వానికి చెప్పింది. మా తండాల్లో పిల్లలు అయిదో తరగతి తరువాత ఎందుకు ఆగిపోయేవాళ్లో, హాస్టళ్లు, కస్తూర్బా బడులు వచ్చినంక ఎట్లా మారిందో మీ కళ్ల ముందే ఉంది.

పెళ్లి సంగతి మళ్లీ ఒకసారి. 1953 జనవరి 22న ఆమె సి.డి. దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన మరాఠీ మనిషి, భార్య పోయినవాడు, రిజర్వు బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నరుగా చేసి అప్పటికి దేశానికి ఆర్థిక మంత్రిగా ఉన్నాడు. ఆమెకు నలభై మూడేళ్లు. సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నెహ్రూ ఒకడు, ఒకప్పుడు గేటు దగ్గర ఆపిన ఆ నెహ్రూయే. ఆ వయసులో పెళ్లేమిటని అనుకున్నవాళ్లు అనుకునే ఉంటారు. మన ఊళ్లల్లో ఒంటరి ఆడమనిషి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఎన్ని మాటలు పడుతదో అందరికీ ఎరుకే, సంఘం సమావేశంలో కూడా ఆ గుసగుసలు ఆగలేదు. ఇది మేం మా మీద వేసుకుంటున్న తప్పు.

మొదటి భర్త సుబ్బారావు గురించి పైన చెప్పాం. ఆయన రెండో పెళ్లి చేసుకున్నామె పేరు మాయమ్మ. ఆయన పోయినంక ఆమెకు కష్టాలు వచ్చాయి. దుర్గాబాయమ్మ ఆమెను తన దగ్గరికి తీసుకొచ్చింది. ఆంధ్ర మహిళా సభలో పని నేర్పించి, తన కాళ్ల మీద తను నిలబడేటట్టు చేసింది. మాయమ్మ తరువాత చేతిపనులు నేర్పే ఉద్యోగం చేసింది. ఈ కథ విన్నప్పుడు మా ఆఫీసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నెహ్రూను ఆపడం కంటే ఇది కష్టమని ఒక అక్క అన్నది. మాకూ అట్లాగే అనిపించింది.

ఆంధ్ర మహిళా సభ తరువాత హైదరాబాదుకూ వచ్చింది. విద్యానగర్‌లో ఆమె పేరు మీద ఉన్న ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న ఆడపిల్లల కాలేజీ ఆ సంస్థవే. మన మండలం నుంచి కాన్పులకు, ఆపరేషన్లకు హైదరాబాదు పోయినవాళ్లలో కొందరు ఆ ఆసుపత్రి పేరు వినే ఉంటారు, ఆ పేరు ఎవరిదో తెలియకపోయినా. చూపు లేనివాళ్ల కోసం ఢిల్లీలో పనిచేసింది. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న చనిపోయింది.

ఆమె అడిగి, బతికుండగా చూడని పని ఒకటి ఉంది. 1953లో చైనా పోయినప్పుడు అక్కడ కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులు ఉండటం చూసింది. ఆడవాళ్ల మనోవర్తి కేసులు, పిల్లల కేసులు మామూలు కోర్టుల్లో ఏళ్లకేళ్లు నలిగిపోకుండా ఇట్లాంటివి మనకూ కావాలని తిరిగొచ్చి న్యాయమూర్తులతో మాట్లాడింది, ప్రభుత్వానికి చెప్పింది. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది.

ఇక మా గ్రామ సంఘం కథ. మిర్చి తోట అక్క ఈ ఏడుకు ఒప్పుకోలేదు. వచ్చే ఎన్నిక దాకా బ్యాంకుకు పోయే ప్రతిసారీ అధ్యక్షురాలి వెంట తోడు పోతానన్నది. నాలుగుసార్లు పోయింది, మొన్నటిసారి మేనేజరుతో మాట్లాడింది ఈమేనట. ఏడో తరగతిలో పెళ్లయిన చెల్లె ఓపెన్ స్కూల్ పదో తరగతికి కట్టింది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదని తెలిసినంక ఆమెతోపాటు అదే ఊరి నుంచి ఇంకో నలుగురు కట్టారు. ఫీజు సంఘం నుంచి అంతర్గత అప్పుగా ఇచ్చి తీర్మానం రాశాం. సాయంత్రం ఆరున్నరకు, పొయ్యి పనులు కానిచ్చుకుని, గ్రామ సంఘం భవనంలో కూర్చుంటున్నారు. లెక్కలు చెప్పడానికి ఆ ఊరి డిగ్రీ పిల్ల వస్తున్నది. భవనంలో లైటు సరిగా వెలగడం లేదని మొన్న సమావేశంలో అడిగారు. బల్బులు, వైరు ఖర్చు ఈ నెల ఖాతాలో రాశాం. ఈ పుస్తకం అచ్చుకు పోయే నాటికి పరీక్షలు ఇంకా కాలేదు.